తిరగేసిన గడప

పొద్దున్నే మా ఇంట్లో మొదట వినిపించేది మీటరు కూత. మా ఆయన ముందు గదిలో స్టూలు మీద కూర్చుని, కరెంటు పరీక్షించే మీటరుకున్న రెండు సూదుల మొనల్నీ ఒకదానికొకటి ఆనించేవారు. అది కీచుమని కూసేది. మీటరు సరిగ్గా ఉందని ఆయనకు ధీమా, ఆయన పనిలో కూర్చున్నారని నాకు కబురు. ఆ కూత వినగానే పాలగిన్నె స్టవ్ మీద పెట్టేదాన్ని. ఇప్పుడు కూత లేదు. ఎప్పుడు తోస్తే అప్పుడు పెడుతున్నాను. పెట్టి అక్కడే నిలబడుతున్నాను. పాలు అంచుదాకా లేవడం కళ్ళ ముందే కనిపిస్తున్నా, ఒక్కోసారి ఆపడానికి చెయ్యి కదలదు.

ఆయన గురించి చెప్పాలంటే ముందు ఆ గది గురించి చెప్పాలి. వీధి వైపు ఒక్క కిటికీ, దాని కింద బల్ల. బల్ల మీద కాలిన మచ్చలు, చిందిన సీసం చుక్కలు. చుట్టూ విప్పేసిన చార్జర్లు, ఇన్వర్టర్లు, మూత లేని రేడియోలు. గదిలో ఎప్పుడూ సీసం కాలిన వాసన, సన్నటి పొగ. ఆయన చొక్కాలు ఎన్నిసార్లు ఉతికినా ఆ వాసన పోయేది కాదు. బట్టల గోదాములో హమాలీలు ఆయన్ని "పొగ మేస్త్రి" అనేవారు. పేరుపెట్టి పిలిస్తే ఎవరినో అనుకునేవారు గానీ, "పొగ మేస్త్రీ" అంటే వీధి చివర నుంచైనా పలికేవారు.

పెళ్ళయిన కొత్తలో బల్ల తుడుస్తుంటే మిరియపు గింజంత నల్లటి వస్తువు ఒకటి చేతికి తగిలింది. రెండు వైపులా తీగ కాళ్ళు, ఒక కొసన తెల్ల గీత.

"ఏవండీ, ఇదేంటి? పురుగులా ఉంది."

"పురుగు కాదే పిచ్చిదానా, డయోడు. ఆ గీత చూశావా? అది దాని గడప. కరెంటు ఇటు నుంచి వస్తే గడప దాటి అటు పోతుంది. అటు నుంచి వస్తే మాత్రం చచ్చినా రానివ్వదు."

"అలాంటి గడప మనింటికీ ఉంటే బాగుండు. మీ పెద్దత్త ఊరికే వచ్చిపోతూ ఉంటుంది."

"బాగా ఆలోచించుకో. రావడానికి దారి ఉండి, పోవడానికి లేకపోతే, పెద్దత్త ఇక్కడే ఉండిపోతుంది."

"అయితే వద్దులే బాబూ" అన్నాను. ఆ రోజు నుంచి ఆ గీతకు మా ఇంట్లో గడప అనే పేరు స్థిరపడిపోయింది.

నేను పెద్దగా చదువుకోలేదు. అయినా ఆయన చెబుతుంటే వినడం నాకు ఇష్టం. ఆ గింజ లోపల ఒకే ముక్క ఉంటుందట, సిలికాన్ అంటారు. దానిలో ఒక సగానికి చిటికెడు ఒక సరుకు, రెండో సగానికి చిటికెడు ఇంకో సరుకు కలుపుతారు. దాంతో ఒక సగంలో జనం ఎక్కువవుతారు, ఇంకో సగంలో ఖాళీ కుర్చీలు ఎక్కువవుతాయి. రెండు సగాలూ కలిసే చోట, దగ్గరున్న జనం దగ్గరున్న కుర్చీల్లో కూర్చుండిపోతారు. ఇక అక్కడ తిరిగేవాడూ ఉండడు, ఖాళీ కుర్చీ ఉండదు. సన్నటి ఎడారి పట్టీ మిగులుతుంది. సరైన వైపు నుంచి తోస్తే జనమూ కుర్చీలూ ఆ పట్టీ మీదికి జరిగి దాన్ని పలచన చేస్తాయి, కరెంటు దాటుతుంది. ఎదురు వైపు నుంచి తోస్తే జనం ఇటూ కుర్చీలు అటూ వెనక్కి లాగబడి, పట్టీ ఇంకా వెడల్పవుతుంది. దారి మూసుకుపోతుంది.

"మరీ గట్టిగా తోస్తే?" అని అడిగాను.

"గోడ కూలుతుంది. ఆ తర్వాత దానికి ఇటూ లేదు, అటూ లేదు. చచ్చిన డయోడు రెండు రకాలు. ఒకటి అందరినీ పోనిస్తుంది, ఇంకొకటి ఎవరినీ పోనివ్వదు. పైకి చూస్తే రెండూ బాగున్నట్టే ఉంటాయి. అందుకే మీటరు."

మధ్యాహ్నాలు వంటపని అయ్యాక పాత బోర్డుల నుంచి పీకిన డయోడ్లు నా ముందు పోసేవారు. ఒక వైపు సూదులు పెడితే అంకె చూపించాలి. తిప్పి పెడితే చూపించకూడదు. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరేదాన్ని.

చిన్నోడు ఆయనకు తమ్ముడు. అత్తమామలు పోయాక మా దగ్గరికి వచ్చాడు. అప్పటికి వాడికి నా నడుము దాకా కూడా ఎత్తు లేదు. నాకు పిల్లలు లేరు. వాడికి జ్వరమొస్తే నా మంచం మీదే, అలిగితే నా చీర కొంగు వెనకే. ఇప్పుడు గుమ్మంలో తల వంచుకుని రావాలి, అంత మనిషి. పని అంతా అన్న దగ్గరే నేర్చుకున్నాడు. అన్న మొదట వాడికి చార్జర్ల పని ఇచ్చారు. ముందుకీ వెనక్కీ ఊగే కరెంటు వస్తే, నాలుగు డయోడ్లు నాలుగు మూలలా కాపలా ఉండి, దాన్ని ఒకే దిక్కుకు నడిపిస్తాయి. వాడు తప్పు పెట్టకుండా ఉండటానికి అన్న ఒక మాట నేర్పారు: ప్లస్ ఎటు నుంచి వస్తే, గడప దానికి అవతలి కొసన ఉండాలి. వాడు అన్నం తింటూ కూడా పాటలా అనేవాడు. "ప్లస్ ఇటు, గడప అటు. వదినా, పప్పు ఇటు." ఆ పాట వల్లనే వాడి చేతిలో చార్జరు ఒక్కటీ కాలలేదు.

గోదాములో సరుకు లిఫ్టు ఉంది. బేళ్ళు పైకెక్కించడానికి కట్టిన పాత ఇనప పంజరం అది. దాని కంట్రోల్ బోర్డు పాడైతే, కొత్తది మా ఆయన మా ముందు గదిలోనే తయారుచేశారు. ఆ రోజు చిన్నోడు ఊళ్ళో లేడు. టార్చి పట్టుకునే పని నాకు పడింది. లిఫ్టుకి బ్రేకు ఉంటుంది. దాన్ని బలమైన స్ప్రింగు ఎప్పుడూ బిగించి పట్టుకుని ఉంటుంది. కరెంటు ఇస్తే చుట్ట, అంటే తీగ చుట్టిన కాయిల్, ఆ బ్రేకును లాగి వదులుచేస్తుంది. కరెంటు ఆపితే స్ప్రింగు మళ్ళీ బిగించుకుంటుంది. ఆ కరెంటు ఇచ్చేదీ ఆపేదీ రిలే అనే చిన్న డబ్బా. దాని లోపల రెండు బుడిపెలు ఒకదానికొకటి ఆనుతూ విడుతూ ఉంటాయి.

బోర్డు మీద, చుట్టకు పోయే తీగల మధ్య ఆయన ఒక డయోడు పెట్టారు. చూస్తే దాని గడప ప్లస్ వైపే ఉంది.

"ఏవండీ, ఇది తిరగబడింది. చిన్నోడి పాట మర్చిపోయారా?"

ఆయన నవ్వారు. "చూశావూ! ఇక్కడ తిరగేసే పెట్టాలి. కరెంటు వస్తున్నంతసేపూ ఇది తలుపేసుకుని కూర్చుంటుంది, దీనితో పనే లేదు. పని అంతా ఆపినప్పుడే. వేగంగా పోతున్న బండిని టక్కున ఆపితే పైనున్న బస్తాలు ఏమవుతాయి?"

"ముందుకు దొర్లుతాయి."

"చుట్టలో కరెంటూ అంతే. ఆపినా ఆగదు. పోవడానికి దారి లేకపోతే ఎగిరి రిలే బుడిపెల మధ్య నిప్పై దూకుతుంది. ఈ డయోడు దానికి ఒక చిన్న వలయం ఇస్తుంది. అందులోనే తిరిగి తిరిగి అలసిపోయి చల్లారుతుంది. ఇది లేకపోయినా లిఫ్టు నడుస్తుంది. అదే దీనితో చిక్కు. పెళ్ళికి పిలవని చుట్టంలా మూలన ఉంటుంది, లేదని ఎవరికీ తెలియదు. రిలే బుడిపెలు మాత్రం రోజూ కాస్త కాస్త కాలుతుంటాయి. ఒకనాడు రెండూ కరిగి అతుక్కుపోతాయి."

"అతుక్కుపోతే?"

"ఆపమన్నా బ్రేకుకు కరెంటు ఆగదు" అని ఆయన సీసం తీగ అందుకున్నారు. నేను టార్చి కొంచెం దగ్గరగా పట్టాను.

మొన్న వానాకాలం ఆయన జ్వరంతో మంచం పట్టినప్పుడు గోదాము నుంచి కబురొచ్చింది, లిఫ్టు ఆగిపోయిందని. చిన్నోడు వెళ్ళాడు. చీకటి పడకముందే తిరిగొచ్చి, "అయిపోయింది వదినా, గుర్రంలా పరిగెడుతోంది" అన్నాడు. అన్న నుదుటి మీద చెయ్యి వేసి చూసి, కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఆయన కళ్ళు మూసుకునే వాడి భుజం తట్టారు.

లిఫ్టు నిజంగానే బాగా నడిచింది. ఎవరూ దాని మాటే ఎత్తలేదు. చలికాలం వచ్చేసరికి, లిఫ్టు నడిపే తాత ఒక రోజు మా ఇంటికి చార్జరు తెచ్చుకోవడానికి వచ్చి, మాటల్లో అన్నాడు.

"మేస్త్రీ, మీ లిఫ్టుకి ఈ మధ్య మర్యాద ఎక్కువైంది. పై అంతస్తు నుంచి దిగి ఆగేటప్పుడు కాస్త వంగి దండం పెడుతోంది."

"వంగడమేంటి తాతా?"

"నేలకు సమానంగా ఆగదు. వేలెడు కిందికి దిగి ఆగుతుంది. మొదట్లో చిటికెన వేలు, ఇప్పుడు బొటనవేలు. బోర్డు పెట్టెలో నుంచి చిటుకు చిటుకుమని చప్పుడు కూడాను. పోపు పెట్టినట్టు."

తాత నవ్వాడు. మా ఆయన నవ్వలేదు. చేతిలో చార్జరు పక్కన పెట్టేశారు. ఆ సాయంత్రమే గోదాముకు వెళ్ళారు. సూపర్‌వైజర్ పెట్టె తెరవనివ్వలేదట.

"నడుస్తోంది కదా మేస్త్రీ. నడిచేదాన్ని కెలుకుతావెందుకు? సీజన్ అయ్యాక చూద్దువులే."

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని చాలాసేపు ముద్ద కలుపుతూనే ఉన్నారు. "ఏమైంది?" అంటే, "పెట్టె బయట ఫ్యూజు ఉండాల్సిన చోట లావు తీగ చుట్టి ఉంది. మాటిమాటికీ పోతోందని ఎప్పుడో వాళ్ళే చుట్టేశారట. వేలెడు, బొటనవేలు అంటున్నాడు తాత. చక్రాన్ని పట్టే బ్రేకు చెప్పులే అరిగాయో, ఇంకేమైనానో" అన్నారు. ఆ తర్వాత గోదాము వైపు నుంచి ఎవరొచ్చినా ఆయన అడిగే మొదటి మాట ఒకటే, "ఎంత కింద ఆగుతోంది?" ఒకడు బెత్తెడు అన్నాడు. ఇంకొకడు, "మేం అలవాటు పడిపోయాం మేస్త్రీ, దూకేస్తున్నాం" అన్నాడు. దూకేస్తున్నాం అన్న మాట విన్న రోజు ఆయన నిద్రపోలేదు.

చివరికి సూపర్‌వైజరే రమ్మన్నాడు. అంతస్తు దాటి బాగా కిందికి ఆగుతోందట, బేళ్ళు దించడం కష్టమవుతోందట. ముందు లిఫ్టు అడుగున గుంటలో, దాన్ని ఆపే కింది స్విచ్ పంజరానికి తగులుతోందో లేదో చూస్తానని ఆయన దిగారు. పెట్టె ఆ తర్వాత విప్పుదామనుకున్నారు. గుంటలోకి దిగేటప్పుడు పంజరం కింద దుంగ అడ్డం పెట్టనిదే ఎప్పుడూ దిగరు. ఆ రోజు దుంగ బేళ్ళ వెనక ఎక్కడో పడి ఉంది. నిమిషం పని అన్నారట. పైనున్న తాతను లిఫ్టు కొంచెం కదిపి ఆపమన్నారు. తాత కదిపాడు, ఆపాడు. మోటారు ఆగింది. బ్రేకు పట్టలేదు.

అంతకంటే నేను రాయలేను. తాత ఇప్పుడు లిఫ్టు దగ్గర పనిచెయ్యడం లేదు. మా వీధిలోకి వస్తే అవతలి పక్క నుంచి నడిచి వెళ్ళిపోతాడు.

నిన్న పొద్దున చిన్నోడు గోనెసంచి ఒకటి తెచ్చి ముందు గదిలో బల్ల మీద పెట్టాడు. అన్న పోయాక వాడు ఆ గదిలోకి రావడం అదే మొదలు. గడ్డం పెరిగిపోయింది. సంచిలో ఆ లిఫ్టు బోర్డు ఉంది. రిలే చుట్టూ, దాని పక్కనా మసి గాలి ఊదినట్టు పరుచుకుని ఉంది.

"వదినా, లిఫ్టు మళ్ళీ నడపాలట. బ్రేకు చెప్పులు కొత్తవి వేశారు. రిలే బుడిపెలు అతుక్కుపోయాయి, కొత్త రిలే తెస్తా. రేపు ఇదే బిగించేద్దాం. నేనే చెయ్యాలి వదినా. అన్న చేతి బోర్డు, ఇంకొకడు ముట్టుకోవడం నాకిష్టం లేదు."

"రిలే ఎందుకు కాలిందిరా?"

"పాతబడింది కదా. ఏదైనా ఎన్నాళ్ళు ఉంటుంది?" వాడు బోర్డు తిప్పి చూపించాడు. "ఇదిగో, ఈ డయోడు కూడా పోయినట్టుంది. దీన్ని నేనే పెట్టా, అన్నకు జ్వరం వచ్చిన రోజు. తీగలు ఊడి లిఫ్టు ఆగిపోయింది, అవి అతికిస్తూ చూశాను. అన్న దీన్ని తిరగేసి పెట్టాడు వదినా! ప్లస్ వైపే గడప! అన్న కూడా పొరపాటు పడతాడా అని నవ్వొచ్చింది. కొత్తది తీసుకుని సరిచేశా. స్విచ్ వెయ్యగానే ఎక్కడో టప్‌మంది, కాస్త వాసనొచ్చింది. తర్వాత అంతా బాగానే నడిచింది."

"అన్నకు చెప్పావా?"

"ఎలా చెప్తాను? జ్వరంతో పడున్న మనిషికి నీ బోర్డులో తప్పుందని చెప్తానా? నొచ్చుకుంటాడు. చెప్పలేదు." వాడు కళ్ళు తుడుచుకుని లేచాడు. "బజారుకెళ్ళి రిలే తెస్తా. నువ్వీలోగా స్పిరిట్‌తో ఈ మసి అంతా తుడిచి, డయోడ్లు ఒకసారి మీటరుతో చూసి పెట్టు వదినా. ఆ నలుపు నేను చూడలేను."

వాడి చెప్పుల చప్పుడు వీధిలో దూరమయ్యేదాకా కదలలేదు. తర్వాత మీటరు తీశాను. చార్జర్లలో లాగే ఇందులోనూ ఉన్న నాలుగు మూలల డయోడ్లూ చూశాను. ఒక వైపు అంకె, ఇంకో వైపు ఏమీ లేదు. నాలుగూ మంచివే. చుట్ట తీగల మధ్య డయోడు ఒక కాలు ఊడదీసి సూదులు పెట్టాను. ఏమీ లేదు. తిప్పి పెట్టాను. ఏమీ లేదు. నల్లటి ఒంటి మీద వెంట్రుకంత పగులు.

అన్నీ ఒకదాని వెనక ఒకటి నాకు తెలిశాయి. ప్లస్‌కి అవతల గడప ఉంటే, కరెంటు చుట్టలోకి పోకుండా అడ్డదారిన ఆ గింజలో నుంచే దూకేసి ఉంటుంది. ఫ్యూజు ఉంటే అదే పోయేది. లావు తీగ పోలేదు. గింజ పేలింది. ఆ టప్ చప్పుడు అదే. పేలిపోయాక అడ్డదారి లేదు కాబట్టి బ్రేకు బాగానే పనిచేసింది. లిఫ్టు గుర్రంలా పరిగెత్తింది. ఆపిన ప్రతిసారీ నిప్పు బుడిపెల మధ్య దూకింది, అవి అంటుకుని విడవడం, బ్రేకు పట్టడం రోజురోజుకీ ఆలస్యమైంది. చిటికెన వేలు, బొటనవేలు, బెత్తెడు.

కిటికీలో నుంచి ఎండ బోర్డు మీదికి జరిగింది. వీధిలో ఎవరో సైకిలు ఆపి పలకరించబోయి, నన్ను చూసి వెళ్ళిపోయారు.

కొత్త డయోడు నేనే తిరగేసి పెట్టేసి ఊరుకుంటే ఏమవుతుందని ఆలోచించాను. సీసం అతకడం నాకు వచ్చు. వాడికి తెలియనక్కర్లేదు. కానీ వాడికి కళ్ళున్నాయి. రేపు పెట్టె ముందు నిలబడి, వదిన కూడా పొరపాటు పడుతుందా అని నవ్వుకుంటాడు. వదిన నొచ్చుకుంటుందని నాకు చెప్పకుండానే సరిచేస్తాడు. టప్‌మంటుంది. అంతా బాగా నడుస్తుంది. ఆ తర్వాత ఆ గుంటలోకి దిగేది వాడే.

చెబితే? అన్నను చంపింది ఎవరో వాడికి తెలుస్తుంది. ఆ సంగతి వాడి లోపలికి పోతుంది గానీ మళ్ళీ బయటికి రాదు. బతికినన్నాళ్ళూ వాడి లోపలే తిరుగుతుంటుంది, చల్లారడానికి దారి ఉందో లేదో నాకు తెలియదు. చేతులారా అన్నం పెట్టి పెంచినవాడికి నా నోటితో ఆ మాట ఎలా చెప్పను? మా ఆయనే ఉంటే ఏం చేసేవారు? వాడి భుజం తట్టేవారు, అది మాత్రం తెలుసు. తట్టే ముందు చెప్పేవారో లేదో తెలియదు.

స్పిరిట్ సీసా తీశాను. పాత బనీను గుడ్డ మడతపెట్టి తడిపాను. రిలే పక్కన ఒక మూల తుడవబోతే గుడ్డ చివర నల్లబడింది, దాని కింద బోర్డు ఆకుపచ్చగా మెరిసింది. అంతా ఇలా తుడిచేస్తే ఇంకో గంటలో ఇది కొత్తదానిలా ఉంటుంది. ఏమీ జరగనట్టు ఉంటుంది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

మధ్యాహ్నం దాటాక చిన్నోడు వచ్చాడు. చేతిలో రిలే ఉన్న చిన్న అట్టపెట్టె. గుమ్మంలో తల వంచి లోపలికొచ్చి, బోర్డు వైపు చూసి ఆగిపోయాడు.

"వదినా, ఇంకా తుడవలేదేంటి? ఒంట్లో బాలేదా? ఇలా ఇవ్వు, నేను తుడుస్తా."

వాడి చేతికి అందకుండా గుడ్డ వెనక్కి తీసుకున్నాను.

"తుడవొద్దు."

"అదేంటి?"

"కూర్చో నాయనా. ఆ మసి ఎక్కడ మొదలైందో చూడు. అన్న నీకు గడప సంగతి సగమే చెప్పారు. రెండో సగం చెప్పిన రోజు నువ్వు ఊళ్ళో లేవు."

వాడు నన్ను చూశాడు. తర్వాత బోర్డును చూశాడు. మెల్లగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నేను సీసాకు మూత బిగించి, గుడ్డ కిటికీ ఊచకు ఆరేశాను.